ఉప కారాగారాలు, బాలల పరిశీలక గృహాల తనిఖీ: స్థితిగతులు, అవసరాలు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం)

కడప జిల్లాగా తరతరాలుగా పిలువబడుతూ, 2010లో వైఎస్ఆర్ జిల్లాగా, 2025లో వైఎస్ఆర్ కడప జిల్లాగా పేరు మారిన ఈ జిల్లాలో కేంద్ర కారాగారం జిల్లా కేంద్రమైన కడపలో నెలకొని ఉన్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలో స్థానిక న్యాయస్థానాలకు అనుబంధంగా ఉప కారాగారాలు ఏర్పడినవి. కేంద్ర కారాగారానికి ఎవరైనా ప్రముఖులు తరలింపబడినప్పుడు పత్రికలలో వార్తలు వస్తాయి. సబ్‌జైలు మాత్రం తప్పించుకున్న ఖైదీ ఉంటేనో, మరణం సంభవిస్తేనో తప్ప వార్తలకెక్కదు. జిల్లా అధికారుల పర్యటనలలో 'ఉప కారాగారాన్ని సందర్శించి వసతులను పరిశీలించినారు' అన్న ఒక్క వాక్యంతో ఆ అంశం ముగిసిపోవటం పరిపాటి. ఆ ఒక్క వాక్యం వెనుక ఏమి పరిశీలించవలసి ఉన్నది, ఎవరు పరిశీలించవలసి ఉన్నది, పరిశీలించిన పిదప ఏమి జరుగవలసి ఉన్నది అన్న విషయాలను ఈ వ్యాసంలో పొందుపరచటం జరిగినది.

ఉప కారాగారంలో ఉండే వారిలో అత్యధికులు నేరం రుజువు కాని వారు. దిగువ న్యాయస్థానం రిమాండు విధించగా బెయిలు కోసమో, అభియోగపత్రం కోసమో, విచారణ కోసమో ఎదురుచూచేవారు. ఇది ఈ ప్రాంతానికే పరిమితమైన పరిస్థితి కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 సంవత్సరపు గణాంకాల ప్రకారం దేశంలోని 1,330 కారాగారాలలో 4,36,266 మందికి చోటు ఉండగా 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అనగా నూటికి దాదాపు 76 మంది, విచారణ ఖైదీలు. దేశంలోని మొత్తం విచారణ ఖైదీల సంఖ్య మొత్తం కారాగారాల సామర్థ్యానికి దాదాపు సమానమన్న మాట.

కోయిలకుంట్ల నేర్పిన పాఠం

రాయలసీమలో ఉప కారాగారం గురించి వ్రాసేవారెవరైనా కోయిలకుంట్ల కేసును విస్మరింపజాలరు. జమ్మలమడుగుకు పొరుగునే ఉన్న కోయిలకుంట్ల అప్పట్లో కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నంద్యాల జిల్లాలో చేరినది. అవుకు పోలీసు స్టేషనులో నమోదైన ఒక కేసులో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలులోని 7వ నంబరు గదిలో రిమాండులో ఉన్నారు. తమ ప్రాణాలకు ముప్పు ఉన్నదని వారు ముందుగానే అధికారులకు తెలియజేసినారు. మే 5వ తేదీ రాత్రి తెల్లవారితే 6వ తేదీ అనగా, సుమారు మూడున్నర గంటల వేళ, కొందరు వ్యక్తులు జైలు ఆవరణలోకి ప్రవేశించి ఆ గదిలోకి బాంబులు విసిరినారు. తండ్రి మరణించినారు. కుమారుడు గాయాలతో బయటపడినారు.

రక్షణ కల్పించటంలో ప్రభుత్వ యంత్రాంగం విఫలమైనదంటూ రామకృష్ణారెడ్డి, కుటుంబ సభ్యులు 10 లక్షల రూపాయల పరిహారం కోరుతూ దావా వేసినారు. దిగువ న్యాయస్థానం దానిని కొట్టివేయగా, హైకోర్టు 1,44,000 రూపాయలు వడ్డీతో సహా చెల్లించవలసినదిగా తీర్పు ఇచ్చినది. సార్వభౌమాధికార విధుల నిర్వహణలో జరిగిన నష్టానికి తాము బాధ్యులము కామని ప్రభుత్వం సుప్రీంకోర్టు వరకు వాదించినది. 2000 సంవత్సరం ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చినది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి తన జీవించే హక్కును కోల్పోడనీ, ఆ హక్కుకు భంగం కలిగినప్పుడు ప్రభుత్వం సార్వభౌమాధికారం చాటున తప్పుకొనజాలదనీ నిర్ణయించినది. దేశవ్యాప్తంగా న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుకొనే ఈ తీర్పు ఒక తాలూకా పట్టణపు చిన్న జైలు గది నుండి పుట్టినదే.

సంఘటనకు, తుది తీర్పుకు మధ్య 23 సంవత్సరాలు గడిచినవి. ముందుగా అందిన ఒక్క విన్నపాన్ని ఆ వారంలోనే పట్టించుకొని ఉన్నట్లయితే అన్ని సంవత్సరాల వ్యాజ్యానికి ఆస్కారమే ఉండేది కాదు.

ముఠా కక్షల చరిత్ర ఉన్న ప్రాంతాలలో తనిఖీకి వెళ్లే అధికారి మొదట అడుగవలసిన ప్రశ్న కూడా ఇదే: ప్రత్యర్థి వర్గాలకు చెందినవారు ఒకే ప్రహరీ లోపల ఉన్నారా? ఉన్నట్లయితే ములాఖత్ వేళలు, స్నానానికి, భోజనానికి బయటకు వదిలే వేళలు వేరుగా ఉన్నవా? ఒకటి రెండు బ్యారక్‌లు మాత్రమే ఉండే ఉప కారాగారంలో ఇది చెప్పినంత సులువు కాదు. అలాంటప్పుడు ఒక వర్గం వారిని మరొక కారాగారానికి మార్చుటకు న్యాయస్థానం అనుమతి కోరటమే మార్గం. పెద్ద జైళ్లకు సైతం ఈ ముప్పు తప్పలేదు. మాజీ మంత్రి పరిటాల రవీంద్ర హత్య కేసులో నిందితుడొకరు 2008 నవంబరులో అనంతపురం జిల్లా కారాగారం లోపలనే తోటి ఖైదీ చేతిలో హతుడైనాడు.

తనిఖీ అధికారం ఎవరిది?

కారాగారాల నిర్వహణకు 1894 నాటి కారాగారాల చట్టము, 1979 నాటి ఆంధ్రప్రదేశ్ కారాగార నియమావళి ఆధారములు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2016లో నమూనా కారాగార నియమావళిని, 2023లో నమూనా కారాగారాలు, సంస్కరణ సేవల చట్టాన్ని రాష్ట్రాల స్వీకారార్థం రూపొందించినది. కారాగార శాఖ ఉన్నతాధికారుల తనిఖీ శాఖాపరమైనది. దానికి వెలుపల జిల్లా న్యాయమూర్తి, కలెక్టరు, వైద్య ఆరోగ్య శాఖాధికారులు తదితరులు అధికార సందర్శకులు. ప్రభుత్వం నియమించే అనధికార సందర్శకులు వేరు. సునీల్ బాత్రా కేసులలో 1978 నుండి 1980 వరకు సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పులు జిల్లా న్యాయమూర్తుల సందర్శనను మర్యాదపూర్వకమైన లాంఛనంగా గాక విధిగా పరిగణించినవి. ఖైదీలు స్వేచ్ఛగా ఫిర్యాదులు చేసుకొనుటకు పెట్టెలు ఉంచవలెనని కూడా ఆదేశించినవి. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం క్రింద జాతీయ, రాష్ట్ర మానవ హక్కుల సంఘాలకు కారాగారాలను సందర్శించే అధికారం కలదు.

ఇన్ని వర్గాలకు అధికారం ఉండుటచేత ఎవరో ఒకరు చూచి ఉంటారన్న నమ్మకం అందరిలో ఏర్పడే ప్రమాదం లేకపోలేదు. సందర్శకుల పుస్తకం తెరచి, గత ఆరు మాసాలలో ఎవరెవరు వచ్చినారు, ఏమి వ్రాసినారు అన్నది చూచినట్లయితే వాస్తవం బోధపడుతుంది. 'వసతులు సంతృప్తికరముగా ఉన్నవి' అన్న వాక్యమే వరుసగా కనిపించినచో తనిఖీ జరుగలేదనే భావించవలెను.

ముందుగా కబురు పంపి వెళ్లే తనిఖీలో సున్నం వేసిన గోడలు, కడిగిన వంటపాత్రలు, ఆ రోజు ప్రత్యేకంగా కాచిన చిక్కటి పప్పు కనిపిస్తాయి. అందులో సిబ్బంది తప్పేమీ లేదు. ఇంటికి చుట్టం వచ్చినా ఎవరైనా అంతే చేస్తారు. కనుకనే వేళ చెప్పకుండా వెళ్లటం, అందునా వేసవి మధ్యాహ్నం గాని, రాత్రి లాకప్ అనంతరం గాని వెళ్లటం ప్రయోజనకరం.

స్థలము, నీరు, వైద్యము

2016 నమూనా నియమావళి ప్రకారం బ్యారక్‌లో ఒక్కొక్క ఖైదీకి 3.71 చదరపు మీటర్ల స్థలం, తలకు దినమునకు 135 లీటర్ల నీరు ఉండవలెను. నలభై మంది ఉన్న చోట రోజుకు 5,400 లీటర్లు అవసరమన్న మాట. ట్యాంకు పరిమాణం, మోటారు నడిచే వేళలు, విద్యుత్తు లేనప్పుడు ప్రత్యామ్నాయం అన్న మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టినచో నీటి సంగతి తేలిపోతుంది. పెన్నా తీరాన ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాలలో సైతం నది సంవత్సరంలో అధిక భాగం ఇసుక మేటలతోనే ఉంటుంది. పులివెందుల ప్రాంతం బోర్లపై ఆధారపడిన మెట్ట. ఏప్రిల్, మే మాసాలలో ఎండ 40 డిగ్రీలు దాటే జిల్లాలో పాతకాలపు బ్యారక్ పైకప్పు, గాలి వచ్చే మార్గం, పని చేసే పంకాల సంఖ్య కేవలం సౌకర్యాలు కావు, ఆరోగ్య విషయాలు.

మరుగుదొడ్ల విషయంలో పగటిపూట వాడేవి, రాత్రి బ్యారక్ లోపల వాడేవి వేరువేరుగా లెక్కించవలెను. సాయంత్రం తాళం పడిన తరువాత తెల్లవారే వరకు లోపలి మరుగుదొడ్డే అందరికీ గతి. అక్కడ తలుపు, నీరు, దీపం ఉన్నవో లేవో స్వయంగా చూడవలసినదే.

చాలా ఉప కారాగారాలకు పూర్తికాలపు వైద్యుడు ఉండడు. స్థానిక ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు వచ్చి చూస్తాడు. ఖైదీ లోపలికి వచ్చిన రోజున ఆరోగ్య పరీక్ష జరిపి, ఒంటిపై గాయాలు ఉన్నచో నమోదు చేయవలెను. ఇది ఖైదీకి రక్షణ. జైలు సిబ్బందికి అంతకంటె రక్షణ. రిమాండుకు ముందే తగిలిన దెబ్బ జైలులో తగిలినదిగా మారకుండా కాపాడేది ఆ ఒక్క పత్రమే. క్షయ, మధుమేహం, మూర్ఛ వంటి వ్యాధులకు బయట వాడుతున్న మందులు లోపల ఆగిపోయినవా అన్నది ఖైదీలనే అడిగి తెలుసుకొనవలెను. మద్యానికి బానిసైన వ్యక్తి హఠాత్తుగా దానికి దూరమైనప్పుడు మొదటి మూడు నాలుగు రోజులు ప్రాణాపాయకరమైనవని వైద్యులు చెబుతారు. రాత్రివేళ ఆసుపత్రికి తరలింపవలసి వచ్చినప్పుడు ఎస్కార్టు పోలీసులు ఎంతసేపటిలో రాగలరన్నది కాగితంపై గాక గత అనుభవాన్ని బట్టి రాబట్టవలసిన సమాచారం. కస్టడీలో మరణం సంభవించినచో 24 గంటలలోగా జాతీయ మానవ హక్కుల సంఘానికి తెలియజేయవలెనన్నది 1993 నుండి అమలులో ఉన్న ఆదేశం.

మహిళా ఖైదీల విషయంలో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పు ప్రామాణికం. ఆరు సంవత్సరాల లోపు పిల్లలను తల్లితో పాటు ఉండనివ్వవచ్చును. అయితే ఆ బిడ్డ ఖైదీ కాదు. బిడ్డకు పాలు, ఆహారం, టీకాలు, ఆడుకొనే చోటు ప్రభుత్వ బాధ్యత. తగిన వసతులు లేని ఉప కారాగారాలలో పిల్లలు గల తల్లులను ఉంచరాదని ఆ తీర్పు స్పష్టం చేసినది. తనిఖీ రోజున మహిళా వార్డరు విధులలో ఉన్నదా, రాత్రి విధులకు ఎవరు ఉంటారు అన్నవి తప్పక నమోదు చేయవలెను.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు కారాగారాలలో కులాన్ని బట్టి పనులు అప్పగించటం, కులాన్ని బట్టి వేరుచేయటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించవలసినదిగా ఆదేశించినది. పాకీపని, వంటపని ఎవరు చేస్తున్నారన్నది తనిఖీ అధికారి అడిగి తెలుసుకొనదగిన విషయం.

కాగితాల తనిఖీ

గోడలకంటె రిజిస్టర్లే ఎక్కువ చెబుతాయి. ప్రతి విచారణ ఖైదీకి రిమాండు తేదీ, నేరం సెక్షను, ఆ సెక్షను క్రింద గరిష్ఠ శిక్ష అన్న మూడు వివరాలు ఒక పట్టికలో వ్రాసినట్లయితే విడుదలకు అర్హులెవరో అక్కడికక్కడే తెలుస్తుంది. నిర్ణీత గడువులో, నేర తీవ్రతను బట్టి 60 లేక 90 దినములలో, అభియోగపత్రం దాఖలు కానిచో నిందితునికి బెయిలు హక్కు లభిస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం గరిష్ఠ శిక్షలో సగకాలం గడిపిన విచారణ ఖైదీ విడుదలకు అర్హుడు. మునుపెన్నడూ శిక్ష పడని వ్యక్తి అయినచో మూడింట ఒక వంతు కాలం చాలును. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష విధింపదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులు ఉన్నవారికి ఇది వర్తించదు. ఈ కాలం పూర్తి కాగానే న్యాయస్థానానికి వ్రాతపూర్వకంగా దరఖాస్తు చేయవలసిన బాధ్యత కారాగార సూపరింటెండెంటుపైననే చట్టం ఉంచినది. పాత కేసులకు సైతం ఈ నిబంధన వర్తించునని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

బెయిలు మంజూరైనా బయటకు పోలేని వారు వేరొక తరగతి. ఇద్దరు జామీనుదారులు, ఆస్తి పత్రాలు కావలెనన్న షరతు ఇసుక ట్రాక్టరు కూలికి గాని, వలస వచ్చి గుడారం వేసుకొన్న కుటుంబానికి గాని గోడ వంటిది. 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల ప్రకారం బెయిలు మంజూరైన ఏడు దినములలో విడుదల కానిచో సూపరింటెండెంటు ఆ విషయాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియపరచవలెను. నెల గడిచినా పూచీకత్తు సమర్పింపలేకపోయినచో న్యాయస్థానం షరతుల సడలింపును పరిశీలింపవచ్చును. కనుక తనిఖీలో అడుగవలసిన ప్రశ్న 'బెయిలు వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నవారెవరు?' అన్నది. తక్కిన ప్రశ్నలకు రోజులు పట్టవచ్చును. ఈ ప్రశ్నకు పది నిమిషాలు చాలును.

పెద్దల జైలులో పిల్లలు

పదునెనిమిది సంవత్సరాలు నిండని వ్యక్తిని ఎట్టి పరిస్థితులలోను పోలీసు లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదని 2015 నాటి బాల న్యాయ చట్టం 10వ సెక్షను నిర్దేశిస్తున్నది. 2016 జనవరి 15 నుండి అమలులో ఉన్న ఈ చట్టం పెద్దల జైళ్లను క్రమం తప్పక తనిఖీ చేసి, అక్కడ బాలలెవరైనా ఉన్నచో తక్షణం పరిశీలక గృహానికి తరలింపజేసే బాధ్యతను జువెనైల్ జస్టిస్ బోర్డుకు అప్పగించినది. కారాగార తనిఖీ, బాలల గృహాల తనిఖీ వేరువేరు పనులుగా కనిపించినా ఈ బిందువు వద్ద రెండూ ఒకటవుతున్నవి.

ఇది ఎట్లా జరుగుతుంది? అరెస్టు పత్రంలో వయస్సు 'సుమారు 19 సం.' అని పడుతుంది. కుర్రవాడు పొడగరి కావచ్చును, మీసం వచ్చి ఉండవచ్చును, పనికి పెట్టుకొనరేమోనన్న భయంతో తానే వయస్సు ఎక్కువ చేసి చెప్పటం అలవాటై ఉండవచ్చును. రిమాండు వారంటులో అదే అంకె, జైలు రిజిస్టరులో అదే అంకె. మూడు చోట్ల ఒకే అంకె ఉండుటచేత అది నిజమన్న భ్రమ కలుగుతుంది; నిజానికి అది ఒకరి అంచనా మాత్రమే. తనిఖీ అధికారి 'నీ వయసెంత?' అని అడిగినచో అదే జవాబు మరల వస్తుంది. 'ఏ బడిలో చదివినావు? ఏ తరగతిలో మానివేసినావు? అక్క పెండ్లి నాటికి నీవు ఏ తరగతి?' అని అడుగవలెను. అనుమానం కలిగినచో 94వ సెక్షను ప్రకారం బడి ధ్రువపత్రం గాని, పదవ తరగతి పత్రం గాని మొదట చూడవలెను. అది లేనిచో పురపాలక సంఘం లేక గ్రామ పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష. బాలుడనన్న వాదనను కేసు ఏ దశలోనైనా, ఏ న్యాయస్థానంలోనైనా లేవనెత్తవచ్చును.

ఈ శ్రద్ధ ఎందుకన్న ప్రశ్న కొందరిలో ఉన్నది. 1986 నాటి చట్టంలో బాలుర వయోపరిమితి 16 సంవత్సరాలే. 2000 నాటి చట్టం దానిని 18కి పెంచినది. ఆ మార్పు తరువాత పావు శతాబ్దం గడిచినా, మీసం చూచి వయస్సు కట్టే అలవాటు పూర్తిగా పోలేదు. ఒక్క రాత్రి పెద్దల బ్యారక్‌లో గడిపిన పదహారేండ్ల బాలునికి ఏమి జరుగవచ్చునో వివరించవలసిన అవసరం లేదు.

పరిశీలక గృహాలు

ఉప కారాగారం పట్టణంలోనే ఉండగా, పరిశీలక గృహాలను జిల్లాకొకటి గాని, కొన్ని జిల్లాలకు కలిపి ఒకటి గాని నెలకొల్పవచ్చునని చట్టం పేర్కొంటున్నది. దీనివలన పసివాడు తల్లికి దూరమవుతాడు. ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని పోయిన తల్లికి వేళ దాటినదని ములాఖత్ నిరాకరింపబడినచో ఆ నెలకు అంతే. సందర్శన వేళలు దూరప్రాంతాల బస్సులకు అనుకూలంగా ఉన్నవో లేవో చూచుట చిన్న విషయమేమీ కాదు.

54వ సెక్షను క్రింద రాష్ట్ర, జిల్లా స్థాయి తనిఖీ సంఘాలు కనీసం మూడు మాసాలకొకసారి బాలల సంస్థలన్నింటిని సందర్శించవలెను. ముగ్గురికి తగ్గని బృందంలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. వారంలోగా నివేదిక, నెలలోగా దానిపై చర్య జరుగవలెను. జువెనైల్ జస్టిస్ బోర్డు నెలకు కనీసం ఒకసారి సందర్శించవలెను. కారాగారాల విషయంలో లేని ఈ గడువులు బాలల చట్టంలో ఉండటం గమనార్హం. 2016 నమూనా నియమాల ప్రకారం 25 మంది పిల్లలకు వెయ్యి చదరపు అడుగుల శయనశాల, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానపు గది ఉండవలెను. తలకు 40 చదరపు అడుగులు. పెద్దల బ్యారక్‌లోని 3.71 చదరపు మీటర్లను అడుగులలోకి మార్చినచో దాదాపు అంతే వస్తుంది. పెరిగే పిల్లలకు, పెద్దలకు కొలత ఒక్కటే కావటం పునరాలోచింపదగినది.

పిల్లలతో మాట్లాడునప్పుడు పర్యవేక్షకుడు గదిలో ఉండరాదు. దెబ్బలు కొట్టుట 82వ సెక్షను క్రింద నేరం. చదువు సాగుచున్నదా, ప్రొబేషను అధికారి రెండు వారాలలో సామాజిక పరిశోధన నివేదిక సమర్పించినాడా, నాలుగు మాసాలలో ముగియవలసిన విచారణ ఎన్నవ మాసంలో ఉన్నది అన్నవి ప్రతి బాలుని విషయంలోను చూడవలసినవి. చిన్న నేరమై గడువు పొడిగించిన పిమ్మట కూడా విచారణ తేలనిచో ఆ కేసు ముగిసినట్లే.

నివేదికలు, పత్రికలు

తనిఖీ నివేదికలో కోరికల జాబితా కంటె బాధ్యుల పేరు ముఖ్యం. పైకప్పు మరమ్మతు రోడ్లు భవనాల శాఖది, నీరు పురపాలక సంఘానిది, వైద్యుని సందర్శన ఆరోగ్య శాఖది, ఎస్కార్టు పోలీసు శాఖది. ఒక్కొక్క పనికి ఏ కార్యాలయానికి, ఏ తేదీన లేఖ పోయినదో నివేదికలో ఉన్నచో తరువాత వచ్చే అధికారి అక్కడి నుండి కొనసాగించగలడు.

పాత్రికేయులు సందర్శకుల పుస్తకంలోని అభిప్రాయాలను, వాటిపై తీసుకొన్న చర్యలను 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద కోరవచ్చును. వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైనచో 48 గంటలలో ఇవ్వవలసి ఉంటుంది. బాలల విషయంలో మాత్రం పేరు, చిరునామా, బడి, ఫొటో తదితర ఆనవాళ్లేవీ ప్రచురింపరాదు. 74వ సెక్షను ఉల్లంఘించినచో ఆరు మాసాల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. చిన్న పట్టణాలలో పేరు వ్రాయకపోయినా, తండ్రి వృత్తి, వీధి పేరు కలిపి వ్రాసినచో ఊరంతటికీ బాలుడెవరో తెలిసిపోతుంది కనుక స్థానిక విలేకరులు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించవలసి ఉన్నది.